బియ్యపు గింజంత ముక్క: హమూర్, పులస, చేపల పేర్ల కథ

ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ళు, రూములో పక్కవాడు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే సౌండ్ పెట్టలేనివాళ్ళు ఉంటారు కదా. వాళ్ళ కోసం ఆ రోజు చెప్పింది కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. మైకు ముందు మర్చిపోయినవి కూడా కొన్ని కలిపాను.

ముందు నా సొంత గొడవ చెప్పాలి. నేను కువైట్ వచ్చిన కొత్తలో, 2009లో, ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఇంటి డ్రైవరంటే బండి నడపడం ఒక్కటే కాదని మీకు తెలిసిందే. బకాలా నుంచి ఖుబ్జ్ తేవాలి, పిల్లల్ని స్కూల్లో దింపాలి, గురువారం సాయంత్రం చేపల మార్కెట్‌కి పోవాలి. ఒక గురువారం బాబా చుట్టాల్ని ఇరవై మందిని పిలిచాడు. "హమూర్ తీసుకురా, పెద్దది" అని డబ్బులిచ్చాడు. దారిలో ట్రాఫిక్కు, నేను వెళ్ళేసరికి పెద్ద హమూర్లు అయిపోయాయి. ఒక దుకాణంలో మాత్రం అప్పటికే తోలు తీసి, ముక్కలు కోసి పెట్టిన తెల్ల చేప ఉంది. "హమూర్, వల్లా హమూర్" అన్నాడు వాడు, ఒట్టేసి మరీ.

నేను గోదారి పక్కన పుట్టినవాణ్ణి. తల, తోక, పొలుసు చూస్తే చేప పేరు చెప్తాను. అవేవీ లేని తెల్ల ముక్కని చూసి ఎవడు మాత్రం ఏం చెప్తాడు? కొన్నాను, తెచ్చాను. వంటయ్యాక బాబా వాళ్ళ అమ్మ, ఇంట్లో అందరూ యుమ్మా అనేవాళ్ళు ఆవిణ్ణి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకి నెట్టేసింది. "ఇది హమూర్ కాదు" అంది. అంతే. చవక చేప కొని మిగతా డబ్బు జేబులో వేసుకున్నానని తేల్చేశారు. రసీదు లేదు నా దగ్గర. నెలాఖరుకి 80 దీనార్ల జీతంలో 14 దీనార్లు కోసేశారు. అమ్మకి ఆ నెల డబ్బులు తక్కువ పంపాను, ఎందుకో చెప్పలేదు. దొంగ అన్న మాట అమ్మకెలా చెప్తాం?

దుకాణంవాడు నాకు అబద్ధం చెప్పాడా, వాణ్ణే ఇంకెవడైనా మోసం చేశాడా, లేక పెద్దావిడ నాలుకే పొరబడిందా? అప్పట్లో నాకు తేల్చుకునే దారి లేదనుకున్నాను. తర్వాత ఎప్పుడో తెలిసింది, దారి ఆ పళ్ళెంలోనే ఉందని. ఆ ముక్కలోంచి బియ్యపు గింజంత తీసి పంపిస్తే చేప పేరు చెప్పే పద్ధతి అప్పటికే ఆరేళ్ళ ముందు వచ్చేసింది. ఈ ఎపిసోడ్ దాని కథ. కానీ దాన్ని అందుకోవాలంటే రెండున్నర వందల ఏళ్ళు వెనక్కి, అరబ్బు దేశానికే వెళ్ళాలి.

1761లో డెన్మార్క్ రాజు ఆరుగురిని అరేబియాకి పంపాడు. అందులో పీటర్ ఫోర్స్‌కాల్ అని మొక్కలు, జంతువులు చూసే కుర్రాడున్నాడు. ఎర్ర సముద్రం ఒడ్డున రేవుల్లో చేపలు కొనేవాడు, జాలర్లు ఏ పేరు పిలిస్తే ఆ పేరు రాసుకునేవాడు. చేపని పాడవకుండా దాచడానికి ఆయన చేసిన పని వింటే మన ఎండుచేపల ఆడవాళ్ళు నవ్వుతారు. తోలుని సగానికి ఒలిచి, ఆరబెట్టి, పుస్తకంలో ఆకు అంటించినట్టు కాగితానికి అంటించేవాడు. 1763లో యెమెన్‌లో మలేరియాతో చనిపోయాడు, ముప్పై ఒక్క ఏళ్ళు. ఆరుగురిలో ప్రాణాలతో ఇల్లు చేరింది కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. ఆయనే 1775లో ఫోర్స్‌కాల్ రాతల్ని అచ్చు వేయించాడు. ఆ కాగితాలకి అంటించిన చేప తోళ్ళు ఇప్పటికీ కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉన్నాయి. పరాయి దేశం పనికి పోయి, మనిషి తిరిగి రాకపోయినా మూట ఇల్లు చేరింది. ఈ మాట రాస్తుంటే నాకు వేరే పెట్టెలు గుర్తొస్తున్నాయి, మీకూ గుర్తొస్తాయి.

ఫోర్స్‌కాల్ పేరు పెట్టిన చేపల్లో టౌవీనా ఒకటి. హమూర్‌కి దగ్గరి చుట్టం, ఒంటి నిండా మచ్చలు. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు ఈ గల్ఫ్‌లో పట్టే హమూర్‌ని కూడా అదే అనుకున్నారు. చాలా ఏళ్ళు పుస్తకాల్లో, చేపల శాఖల లెక్కల్లో హమూర్ పక్కన ఎపినెఫెలస్ టౌవీనా అని రాస్తూ పోయారు. అది తప్పు. హవాయిలో ఉండే జాన్ రాండల్, దక్షిణాఫ్రికాలో ఉండే ఫిలిప్ హీమ్‌స్ట్రా కలిసి హిందూ మహాసముద్రం, పసిఫిక్ గ్రూపర్లన్నిటినీ మళ్ళీ ముందేసుకుని, రెక్కల్లో ముళ్ళు లెక్కపెట్టి, మచ్చల రంగు చూసి 1991లో పెద్ద పుస్తకం వేశారు. ఒకే పేరు కింద వేరే వేరే చేపలు కలిసిపోయాయని, గల్ఫ్ హమూర్ అసలు పేరు ఎపినెఫెలస్ కోయోయిడిస్ అని అప్పుడు స్థిరపడింది.

ఆ కోయోయిడిస్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? గంగానదిది. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ డాక్టరు, ముందు పేరు బుకానన్, గంగ చేపల మీద 1822లో వేసిన పుస్తకంలో ఈ చేపకి పేరు పెట్టాడు. అంటే హమూర్‌కి కఫీలు అరబ్బువాడైనా పాస్‌పోర్టు బెంగాల్‌ది. నా జీతం కోయించిన చేప కూడా మనలాగే బయటి నుంచి కాగితాలు తెచ్చుకున్నదే అని తెలిసినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగింది, దాచుకోవడం దేనికి.

ఇప్పుడు మన తీరానికి. ప్యాట్రిక్ రసెల్ పేరు మీరు వినకపోయినా ఆయన పాముని మీరెరుగుదురు. రక్తపింజరని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు, ఆయన పేరే. ఈయనా స్కాట్లండ్ డాక్టరే. చాలా ఏళ్ళు సిరియాలో అలెప్పో నగరంలో వైద్యం చేశాడు. తర్వాత 1780ల మొదట్లో, వాళ్ళ తమ్ముడికి విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం వస్తే కూడా వచ్చాడు. మనం కోస్తా నుంచి అరబ్బు దేశానికి వస్తే, ఆయన అరబ్బు దేశం మీదుగా మన కోస్తాకి వచ్చాడన్నమాట. వైజాగ్ రేవులో పడ్డ చేపల్ని బొమ్మలు గీయించి, వాటికి మనవాళ్ళు ఏ పేరు చెప్పారో ఆ పేరే తన చెవికి వినపడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలు వేశాడు, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలు అని. ఆ పుస్తకంలో చేపల పేర్లు లాటిన్‌లో కాదు, తెలుగులో ఉంటాయి. గ్రూపర్ జాతి చేపకి బొంతూ అని రాశాడు, రేవుల్లో ఇప్పటికీ బొంత అనే అంటారు. ఇంకో చేపకి పలాసా అని రాశాడు.

పలాసా అంటే జీడిపప్పు ఊరు కాదు. పులస.

ఇక్కడొక అన్యాయం జరిగింది. నా లెక్కలో అన్యాయమే. రసెల్ పుస్తకం చూసి ఫ్రాన్స్‌లో కువియే అనే మహా పండితుడు 1829లో ఆ చేపకి క్లూపియా పలాసా అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. మన తెలుగు మాట, సాక్షాత్తూ లాటిన్ పేరైంది. కానీ అప్పటికి ఏడేళ్ళ ముందే, అదే 1822 పుస్తకంలో, హామిల్టన్ అదే చేపకి బెంగాలీ పేరు మీద ఇలిషా అని పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందని ఈ శాస్త్రంలో రూలు. మరి రసెల్ 1803లోనే అచ్చు వేశాడు కదా అంటే, ఆయన పద్ధతి ప్రకారం రెండు మాటల లాటిన్ పేరు పెట్టలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ముందొచ్చినా కాగితం సరిగ్గా లేదని వెనక్కి పంపారు. మనకి తెలియని అనుభవమా? ఇప్పుడు ప్రపంచమంతా ఆ చేపని టెన్యులోసా ఇలిషా అంటుంది. పలాసా అన్నది పాత పుస్తకాల్లో, కొట్టేసిన పేర్ల జాబితాలో ఉంది.

ఇన్ని చెప్పడం ఎందుకంటే, చేప పేరు తేల్చడం అన్నది డీఎన్ఏ రాకముందు ఇలా నడిచింది. తల ఉండాలి, రెక్కలుండాలి, చూసే కన్ను ఉండాలి. అన్నీ ఉండి కూడా పండితులు పొరబడ్డారు. తోలు తీసిన ముక్క దగ్గర ఎవరి కన్నూ పనిచేయదు. చేపల వ్యాపారం మారిపోయిన కొద్దీ మార్కెట్‌లో తోలు తీసిన ముక్కలే ఎక్కువయ్యాయి. పట్టేది ఒక దేశంలో, కోసేది ఇంకో దేశంలో, తినేది మూడో దేశంలో. పాత రేవులో అమ్మేవాడికి పట్టినవాడు తెలుసు, కొనేవాడికి అమ్మేవాడు తెలుసు. ఐసు డబ్బాకి ఎవరూ తెలీదు.

2003లో కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి పాల్ హీబర్ట్, ఆయన తోటివాళ్ళు ఒక వ్యాసం వేశారు. సూపర్‌మార్కెట్‌లో నడుస్తుంటే ఆ ఆలోచన వచ్చిందని హీబర్ట్ చెప్పుకున్నాడు. ప్రతి డబ్బా మీదా నల్ల గీతలు, కొన్ని అంకెలతో అన్ని వేల సరుకుల్ని గుర్తుపట్టగలిగితే, ప్రతి జీవి ఒంట్లోనూ ఉన్న డీఎన్ఏలో ఒక చిన్న ముక్కని అలా బార్‌కోడ్‌గా ఎందుకు వాడకూడదు అని. ఆయన మొదట చూసింది దీపం చుట్టూ తిరిగే పురుగుల్ని, చేపల్ని కాదు.

డీఎన్ఏ అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి రాత. మనకి 56 అక్షరాలుంటే దానికి నాలుగు. అందులో సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కని హీబర్ట్ ఎంచుకున్నాడు. ఇది కణం నడిబొడ్డున ఉండే డీఎన్ఏలోది కాదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోది. ఒక్కో కణంలో అవి వందలు, వేలు ఉంటాయి కాబట్టి ముక్క పాతదైనా, ఎండినదైనా ఏదో ఒక నకలు దొరుకుతుంది. ఇది తల్లి నుంచి మాత్రమే పిల్లకి వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ల్యాబులో పని ఎలా జరుగుతుందంటే, ముక్కని మందుల్లో కరిగించి డీఎన్ఏని విడదీస్తారు. తర్వాత కావలసిన ఆ చిన్న భాగాన్ని మాత్రమే కోట్ల నకళ్ళు తీస్తారు. దీన్ని పీసీఆర్ అంటారు. కరోనా టైములో ఫ్లైట్ ఎక్కాలంటే ముక్కులో పుల్ల పెట్టి చేసిన టెస్టు పేరు అదే కదా, అక్కడా ఇదే పద్ధతి. కేరీ మల్లిస్ 1983లో కనిపెట్టాడు, 1993లో నోబెల్ వచ్చింది. మరుగుతున్నంత వేడి చేసి డీఎన్ఏ రెండు పోగుల్ని విడదీయడం, చల్లార్చడం, మళ్ళీ కొంచెం వేడి చేసి నకలు రాయించడం, ఇలా ముప్పై, నలభై సార్లు. అంత వేడికి మామూలు ఎంజైములు ఉడికిపోతాయి. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ 1960ల్లో కనిపెట్టిన సూక్ష్మజీవిది మాత్రం తట్టుకుంటుంది. అది లేకపోతే ఈ పని ఇంత సులువు అయ్యేది కాదు. చివర్న అక్షరాలు చదివి, తెలిసిన చేపల అక్షరాల పట్టికతో పోల్చి చూస్తారు.

చేపల మీద ఇది పనిచేస్తుందని గట్టిగా చూపించింది ఆస్ట్రేలియావాళ్ళు. 2005లో రాబర్ట్ వార్డ్ బృందం 207 జాతుల చేపల్ని చదివింది. ఒకే జాతి చేపల మధ్య తేడా సగటున 0.39 శాతం, దగ్గరి చుట్టాలైన వేరు జాతుల మధ్య దాదాపు 10 శాతం వచ్చింది. అన్నదమ్ముల పోలికకీ పక్క వీధివాడి పోలికకీ ఉన్నంత తేడా. కాబట్టి ముక్క చూసి పేరు చెప్పొచ్చు.

ఇక్కడ మనవాళ్ళ మాట ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. హీబర్ట్ వ్యాసం వచ్చిన ఆ 2003లోనే హైదరాబాద్ సీసీఎంబీ నుంచి సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఇలాంటి పనే అచ్చు వేశారు. వాళ్ళు వాడింది సైటోక్రోమ్ బీ అనే పక్క జన్యువు. చేప దగ్గర్నుంచి ఏనుగు దాకా ఏ జంతువుదైనా సరే పట్టుకునే ఒకే జత ప్రైమర్లు తయారు చేశారు. అడవి జంతువుల్ని చంపినవాళ్ళు మేక మాంసమని బుకాయిస్తే, ముక్క చూసి ఏ జంతువో కోర్టులో చెప్పడానికి. తార్నాక దగ్గర బస్సులో ఎన్నోసార్లు ఆ గేటు ముందు నుంచి పోయుంటాం, లోపల ఏం జరుగుతుందో ఎవరికి పట్టింది?

పద్ధతి వచ్చాక మోసాలు బయటపడ్డం మొదలైంది. నిజానికి 2004లోనే అమెరికా నార్త్ కరోలినాలో పీటర్ మార్కో అనే మాస్టారు, ఆయన విద్యార్థులు రెడ్ స్నాపర్ అని అమ్మే చేపలు కొని డీఎన్ఏ చూస్తే, నాలుగింట మూడొంతులు రెడ్ స్నాపర్ కాదు. 2008లో న్యూయార్క్‌లో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు హోటళ్ళలో, కొట్లలో 60 చేప ముక్కలు పోగుచేసి గ్వెల్ఫ్‌కి పంపారు. పేరు తేలినవాటిలో నాలుగో వంతు తప్పుడు పేరుతో అమ్మినవే. ఖరీదైన వైట్ టూనా అని పెట్టింది తిలాపియా.

నన్ను ఆపేసిన కథ మాత్రం ఫ్లోరిడాది. అక్కడ గ్రూపర్ శాండ్‌విచ్ అంటే మనకి హైదరాబాద్ బిర్యానీ లాంటిది. గ్రూపర్ అంటే హమూర్ కుటుంబమే. 2006లో సెయింట్ పీటర్స్‌బర్గ్ టైమ్స్ అనే పత్రిక 11 హోటళ్ళలో గ్రూపర్ కొని డీఎన్ఏ పరీక్షకి పంపింది. 6 చోట్ల అది గ్రూపర్ కాదు. గ్రూపర్ పేరుతో ఫ్లోరిడాలో అమ్ముడైన వాటిలో వియత్నాం పక్క నుంచి వచ్చిన పెంపుడు చేప, పంగాసియస్ ఉంది. మన కృష్ణా, పశ్చిమగోదావరి చెరువుల్లో పెంచి, మార్కెట్‌లో ఫంగస్ అని అమ్ముతారే, ఆ కుటుంబం. ముళ్ళుండవు, తెల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఏ మసాలా వేస్తే ఆ రుచి. చేప చెడ్డదేం కాదు, చవకగా మంచి తిండి. పేరు మార్చి, నాలుగింతలు డబ్బు తీసుకోవడం దగ్గరే తేడా.

ఆ వార్త నేను చదివింది ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్ళకి. చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. పెద్ద పెద్ద హోటళ్ళ యజమానులు, మాకు సరుకిచ్చినవాడే మోసం చేశాడు అంటే లోకం విన్నది. డ్రైవరు అదే మాట అంటే జీతం కోశారు. యుమ్మా చెప్పింది నిజమే అయ్యుంటుందని ఇప్పుడు నాకూ అనిపిస్తుంది, అరవై ఏళ్ళు హమూర్ తిన్న నాలుక అది. ఆవిడ చేప గురించి చెప్పింది, దొంగ అని అన్నది వేరేవాళ్ళు.

ఆ పళ్ళెంలో ముక్కని దాచుంటే తేలేదా? తేలే అవకాశం బాగానే ఉంది. ఉడికితే డీఎన్ఏ తెగి తునకలవుతుంది. 650 అక్షరాలు ఒక్క ముక్కగా దొరకకపోవచ్చు. అందుకని నూరు, రెండు నూర్ల అక్షరాల చిన్న భాగాన్ని చదివే పద్ధతి పెట్టారు, మినీ బార్‌కోడ్ అంటారు. వేపుడు, ఉడికించిన చేప, ఎండుచేప దాంతో చాలాసార్లు దొరికిపోతాయి. డబ్బాల్లో పెట్టి ఎక్కువ వేడి చేసిన చేప కష్టం. చింతపండు పులుసూ కష్టమే, పులుపూ వేడీ కలిస్తే డీఎన్ఏ ఇంకా చితికిపోతుంది. మన అమ్మలు పులుసు పెడితే నేరం సాక్ష్యం కూడా మిగలదన్నమాట.

అయితే ఈ పరీక్ష చెప్పిందల్లా వేదం కాదు. రెండు చిక్కులు చెప్తాను. మొదటిది, పట్టికలో ఉన్న పేరే తప్పైతే జవాబూ తప్పే. ఎవరో ఒక గ్రూపర్‌ని చూసి టౌవీనా అనుకుని ఆ పేరుతో అక్షరాలు ఎక్కిస్తే, తర్వాత పోల్చినవాళ్ళందరికీ టౌవీనా అనే వస్తుంది. అందుకే అక్షరాలతో పాటు అసలు చేపని, లేదా దాని ఫోటోని మ్యూజియంలో దాచాలని హీబర్ట్ వర్గం పట్టుపట్టింది. మళ్ళీ ఫోర్స్‌కాల్ తోళ్ళ దగ్గరికే వచ్చాం. రెండోది, ఇందాక గుర్తుంచుకోమన్నానే, తల్లి నుంచే వస్తుందని. మలేషియాలో వింటున్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. అక్కడ సబాలో టైగర్ గ్రూపర్ ఆడదానికీ జెయింట్ గ్రూపర్ మగదానికీ కలిపి సంకర జాతి పుట్టించి పెంచుతున్నారు. ఆ పిల్లని ఈ పరీక్షకి పెడితే తల్లి పేరే చెప్తుంది, తండ్రి ఊసే ఉండదు.

మన కువైట్‌వాళ్ళు జుబేదీ అనే తెల్ల చందువ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ప్రపంచమంతా ఒకే తెల్ల చందువ అనుకునేవారు. మన సముద్రాల్లోదీ చైనా వైపు సముద్రాల్లోదీ ఒకే జాతి కాదని 2019లో మన దేశపు శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి రాశారు. కువియే ఎప్పుడో పెట్టి, మరుగున పడ్డ పేరుని మళ్ళీ బయటికి తీశారు.

ఇక పులస. నేను ఇంత దూరం వచ్చింది దీని కోసమే.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. జులై, ఆగస్టుల్లో గోదారికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏరుకి ఎదురెక్కుతుంది. అప్పుడు పులస. ఒకప్పుడు ఇంకా పైకి పోయేదట. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక అక్కడ ఆగిపోయింది. ఆ ఆనకట్టే మా తాతలకి అన్నం పెట్టింది, చేపకి దారి మూసింది. రెండూ నిజమే. ఇప్పుడు నిజం పులస దొరికేదే తక్కువ, చేప ఒక్కటి వేల రూపాయలు. దాంతో ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన విలసని పులస అని అంటగట్టడం మొదలైంది. ఊరికెళ్ళినప్పుడు గల్ఫ్ నుంచి వచ్చాడని చూసి అంటగట్టే మొదటి మనిషి మనమే.

ఆ మోసాన్ని డీఎన్ఏ బార్‌కోడ్ పట్టుకోగలదా? పట్టుకోలేదు. ఎందుకంటే విలసా పులసా ఒకే జాతి. పరీక్ష రెంటికీ ఒకటే చెప్తుంది, టెన్యులోసా ఇలిషా అని. పరీక్ష ప్రకారం వాడు అబద్ధం ఆడలేదు. కానీ గోదారోడికి అది పచ్చి అబద్ధం. చేప ఎవరి బిడ్డో డీఎన్ఏ చెప్తుంది, ఏ నీళ్ళు తాగి వచ్చిందో చెప్పదు. అది చెప్పేది ఇంకొకటి ఉంది. చేప తలలో చెవిరాళ్ళుంటాయి, గొరక తిన్నవాళ్ళు చూసే ఉంటారు. చెట్టు మొదట్లో వలయాల్లా ఆ రాయి రోజు రోజుకీ పెరుగుతుంది. సముద్రపు నీళ్ళలో ఉన్నప్పుడొక రకం, ఏటి నీళ్ళలో ఉన్నప్పుడొక రకం ఖనిజాలు అందులో చేరతాయి. బంగ్లాదేశ్ ఇలిష్ చెవిరాళ్ళలో స్ట్రాన్షియం కొలిచి, ఆ చేప ఎప్పుడు సముద్రంలో ఉందో ఎప్పుడు ఏట్లో ఉందో చూసిన పరిశోధన 2003లోనే వచ్చింది. చేప పాస్‌పోర్టు మీద స్టాంపులన్నీ తల లోపలే ఉన్నాయన్నమాట. కానీ తల ఉండాలి మరి.

అందుకే నేను అప్పట్నుంచి తల లేని చేప కొనను. కోయించుకున్నా తలా తోలూ అదే సంచిలో వేయమంటాను. ఇంటి పనుల్లో ఉన్న అక్కలు, డ్రైవర్ తమ్ముళ్ళు ఇది చేయండి. ముక్కలు కొనాల్సి వస్తే పెట్టెనీ ధర రాసిన చీటీనీ దుకాణం బోర్డుతో సహా ఫోటో తీసి బాబాకి అక్కణ్ణుంచే పంపండి. నాకప్పుడు ఆ ఫోన్ లేదు.

పోయిన ఏప్రిల్‌లో షర్క్ మార్కెట్‌కి వెళ్ళాను, నా పనికే, నా డబ్బుతో. రాయచోటి తమ్ముడొకడు కూడా వచ్చాడు. వాడికి మటన్ తప్ప ఏదీ కూర కాదు, ఊరికే తోడొచ్చాడు. ఒక బల్ల మీద వెండిలా మెరుస్తూ సుబూర్ పడుంది. ఇక్కడ, ఇరాక్‌లో బస్రాలో, సుబూర్ అంటే మన పులసంత మోజు. వసంతకాలంలో గల్ఫ్ నుంచి షత్ అల్ అరబ్ నదిలోకి ఎదురెక్కుతుంది, గుడ్లు పెట్టడానికే. అక్కడా అదే కథ. టిగ్రిస్, యూఫ్రటీస్ నదుల మీద పైన ఆనకట్టలు వచ్చి, కింద మంచినీళ్ళు తగ్గి, ఉప్పునీరు పైకి వచ్చేసింది. సింధులో పల్లా, బెంగాల్‌లో ఇలిష్, మన దగ్గర పులస, ఇక్కడ సుబూర్. పేర్లు నాలుగు, చేప ఒకటే, అదే టెన్యులోసా ఇలిషా. నేనీ దేశానికి వచ్చిన ఇన్నేళ్ళూ మా ఊరి చేప పక్క బల్ల మీదే ఉంది. అరబ్బు పేరు పెట్టుకుని ఉంటే గుర్తుపట్టలేదు.

అక్కడి నుంచే అమ్మకి వీడియో కాల్ చేశాను. ఫోన్ చేప మీద పెట్టాను. "మొప్ప వెనక మచ్చ చూపించు" అంది. చూపించాను. "పొట్ట కింద చెయ్యి పెట్టి చూడు, రంపంలా గరగరలాడుతుందా?" ఆడింది. "మరి విలసే కదరా, ఎక్కడ దొరికింది నీకు?" అంది. కువైట్‌లో అన్నాను. నమ్మలేదు. "పులస కాదామ్మా?" అనడిగాను. "ఎర్రనీరు ఎక్కిందా అది? నీ ఎడారిలో గోదారెక్కడిది? విలసే" అని తేల్చేసింది. ల్యాబు రిపోర్టులో కూడా ఇంత స్పష్టంగా ఉండదు.

తల వేరుగా కట్టించుకుని రూముకి తెచ్చాను. బెండకాయలు వేసి పులుసు పెట్టమంది, దగ్గరుండి ఫోన్లో చెప్పింది. రాత్రి ముట్టుకోవద్దు, రేపటికి ఊరితేనే తినాలి అని ఒట్టు వేయించుకుంది. రాయచోటి తమ్ముడు మాత్రం ఆగలేదు, అర్ధరాత్రి లేచి గిన్నె మూత తీశాడు. పొద్దున్న డ్యూటీకి పోయేముందు నేను తిన్నాను. 2009లో కోసిన ఆ 14 దీనార్ల సంగతి అమ్మకి ఆ రోజే చెప్పాను, గిన్నె కడుగుతూ. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ ముసలావిడకి మన పులుసు పెట్టుండాల్సిందిరా" అంది.